నొప్పి లేని పంటిని పట్టుకోవడం

"నొప్పేం ల్యా సార్, ఈ చీము కారడమే ఆగడం ల్యా" అన్నాడు కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన రైతు, గడ్డం మీది పట్టీ తీసి చూపిస్తూ. ఎనిమిది నెలలుగా ఆయింట్‌మెంట్లు పూస్తున్నాడట. పళ్ళ డాక్టరు దగ్గరికి పంపారేమిటా అని ఆయనకే విడ్డూరం. అనంతపురంలో నా క్లినిక్‌లో కొత్తగా చేరే జూనియర్ డాక్టర్లకు ముందు ఈ కేసే చెబుతాను.

నరం చచ్చిన పంటిలో క్రిములు తిష్ఠ వేస్తే వేరు కొన చుట్టూ ఎముక మెల్లగా కరుగుతుంది. చీముకు బయటికి దారి దొరికితే ఒత్తిడి ఉండదు, నొప్పీ ఉండదు. అందుకే "ఇప్పుడు నొస్తోందా" అనడంతో ఆగకండి. ఎప్పుడైనా బాగా నొచ్చి దానంతటదే తగ్గిందా, దెబ్బ తగిలిందా అని అడగండి. చిన్నప్పుడు కాడిమాను తగిలిందని ఆయన అప్పుడు చెప్పాడు.

నల్లబడిన పన్ను కోసం వెతకమని పుస్తకాలు చెబుతాయి. మా జిల్లాలో బోరు నీళ్ళ ఫ్లోరైడ్‌తో నోరంతా గోధుమ రంగు తిరిగినవాళ్ళు ఎందరో. రంగును నమ్ముకుంటే మునిగిపోతారు.

చిగురును వేలితో నొక్కి చూడండి. అద్దం పిడితో పంటిని తట్టండి, ముందు మంచి పంటిని తట్టాకే అనుమానమున్నదాన్ని. పాత వాపుల్లో తట్టినా పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. చిగురుకూ పంటికీ మధ్య ప్రోబ్ (లోతు చూసే సన్నటి కడ్డీ) ఒక్కచోటే సన్నగా, లోతుగా దిగిపోతే వేరు పగిలిందేమో అనుమానించండి.

అసలు పరీక్ష చల్లదనం. కోల్డ్ స్ప్రే లేకపోతే సూది మూతలో నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించండి. పంటిని ఆరబెట్టి, చుట్టూ దూది పెట్టి, ఆ మంచు ఆనించి, జివ్వుమంటోందా అని పక్క పళ్ళతో పోల్చి చూడండి. ముసలివాళ్ళలో, ఈమధ్యే దెబ్బ తగిలిన పళ్ళలో బతికున్న నరం కూడా పలకకపోవచ్చు. ఈ రైతుకు కింది ముందు పళ్ళలో ఒక్కటే పలకలేదు.

ఎక్స్-రే ఆ తర్వాతే. ఎముకలో 30 నుంచి 50 శాతం ఖనిజం పోతేగాని ఫిల్మ్‌లో నల్లటి నీడ కనిపించదంటారు, కాబట్టి ఫిల్మ్ శుభ్రంగా ఉందని పంటిని వదిలేయొద్దు. నీడ ఉన్నా తొందరపడొద్దు. కింది చిన్న దవడ పళ్ళ దగ్గర నరం బయటికొచ్చే సహజ రంధ్రం కూడా అచ్చం అలాగే ఉంటుంది. కోణం మార్చి ఇంకో ఫిల్మ్ తీస్తే అది వేరు కొన నుంచి పక్కకు జరుగుతుంది. నడివయసు ఆడవాళ్ళకు కింది ముందు పళ్ళ కింద నీడ ఉండి, చల్లదనానికి పళ్ళన్నీ పలికితే చేయి పెట్టకండి. అది ఎముక మార్పే కావచ్చు, నరం తీస్తే మంచి పంటిని చంపినట్టే.

గడ్డం మీది రంధ్రంలో గట్టపర్చా పుల్ల (రూట్ కెనాల్‌లో నింపే రబ్బరులాంటిది, ఎక్స్-రేలో కనిపిస్తుంది) మెల్లగా దూర్చి ఫిల్మ్ తీశాను. సూటిగా ఆ పలకని పంటి వేరు కొనకే పోయింది. అది గ్రాన్యులోమానా (వాచిన కండ ముద్దా), సిస్టా (నీటి తిత్తా) అని జూనియర్ అడిగింది. ఎక్స్-రే ఆ మాట చెప్పదు, ముక్క తీసి పరీక్షకు పంపితేనే తేలుతుంది. మొదటి వైద్యం మాత్రం రెండింటికీ రూట్ కెనాలే.

కొన్ని వారాల్లో రంధ్రం పూడింది. ఆర్నెల్లకు నీడ చిన్నదైంది. పూర్తిగా మానడానికి నాలుగేళ్ళ వరకూ పట్టవచ్చు కనుక ఏడాదికోసారి రమ్మన్నాను. చెనక్కాయ పీకుడు అయిపోయాక వస్తానన్నాడు.