కష్టకాలంలో కొత్త సెమిస్టర్ స్వాగత లేఖ రాయడం ఎలా?

మా కాలేజీలో ప్రిన్సిపల్ సంతకంతో వెళ్లే స్వాగత లేఖలు రాసేది నేనే.

బయట ఏం జరుగుతోందో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి. యుద్ధమైతే యుద్ధమని, వరదలైతే వరదలని. 'ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా' అని దాటేస్తే పిల్లలు అక్కడితోనే చదవడం ఆపేస్తారు. కాలేజీలో ఎవరైనా చనిపోయి ఉంటే, ఇంటివాళ్లను అడిగాకే పేరు రాయండి.

తర్వాత పనికొచ్చే సంగతులు. ఎక్కువ సమయం వీటికే పెట్టండి. రాలేకపోయినవాళ్ల హాజరు ఎలా లెక్కిస్తారు, ఫీజు గడువు పెంచారా, హాస్టల్ ఎప్పుడు తెరుస్తారు, కౌన్సెలర్ ఏ గదిలో ఏ వేళల్లో ఉంటారు. 'సంబంధిత అధికారిని సంప్రదించండి' అనకుండా పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి. ఆ మనిషికి ముందే చెప్పండి, లేకపోతే ఫోన్లు మోగడం మొదలయ్యాక టెన్షన్ ఆయనకే! తేలని విషయాలుంటే తేలలేదనే రాసి, ఎప్పటికి చెబుతారో తేదీ వేయండి.

'అంతా సర్దుకుంటుంది' అనే మాట నేనైతే కొట్టేస్తాను. అది మన చేతిలో లేదు కదా.

వంటవాళ్లకు, వాచ్‌మెన్లకు కూడా ఇదే లేఖ వెళ్లాలి. పంపేముందు మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరితో చదివించండి. ఎక్కడ ఆగి వెనక్కెళ్లి చదివితే ఆ వాక్యం తిరగరాయండి.