పాత స్పీకర్లా? ముందు జాలీ తీసి చూడండి

ఆన్‌లైన్‌లో చూసి సెకండ్ హ్యాండ్ స్పీకర్లు కొంటుంటే, డబ్బులిచ్చే ముందు పైనున్న గుడ్డ జాలీ తీయించండి. కోన్ (శబ్దం పుట్టించే గరాటులాంటి భాగం) చుట్టూ ఉండే ఫోమ్ అంచు ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. ఫోటోలో అది కనపడదు. నేనొకసారి మొహమాటపడి జాలీ తీయమనలేదు. ఇంటికొచ్చి వేలు పెడితే అంచు నల్లటి బూడిదలా ఊడొచ్చింది.

యాంప్లిఫయరైతే వాల్యూమ్ నాబ్ మెల్లగా తిప్పి వినండి. గరగరమంటే చాలాసార్లు దుమ్మే, కాంటాక్ట్ క్లీనర్ అనే స్ప్రే కొడితే పోతుంది. (ఆ సంగతి పైకి అనకుండా బేరమాడుకోండి!) ఒక ఛానెల్ (కుడి లేదా ఎడమ వైపు) అసలు పలక్కపోతే మాత్రం వదిలేయండి.

అమ్మేవాళ్లకి ఇంకో టెన్షన్. "ఆర్మీలో పనిచేస్తున్నా, బేరం లేదు, అడ్వాన్స్ పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అని ఎవరన్నా అంటే ఫోన్ పెట్టేయండి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టే పనే లేదు. స్కాన్ చేశాక పిన్ అడిగిందంటే డబ్బు మన ఖాతాలోంచి పోతోందనే. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇక డబ్బు పడిందన్న మెసేజ్‌ని నమ్మొద్దు, బ్యాంక్ యాప్‌లో చూసుకున్నాకే పెట్టె చేతికివ్వండి.