ఎండలు ముదరకముందే: ఎనిమోన్ ట్యాంకు ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

మొన్న కర్నూలులో తెలిసినవాళ్ల ఇంట్లో సముద్రపు నీళ్ల ట్యాంకు ఒక్క రాత్రికే పోయింది. సాయంత్రం బబుల్ టిప్ ఎనిమోన్ (రాయికి అంటుకుని బతికే, పువ్వులా కనబడే సముద్ర జీవి) బాగా ముడుచుకుని కనబడింది. పాపం ఆకలేమోనని రొయ్యను రొయ్యగానే దాని నోట్లోకి తోశారు. రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే నీళ్లు మసకబారి కుళ్లు వాసన కొడుతున్నాయి. ఎనిమోన్ బంకలా జారిపోతోంది, క్లౌన్ ఫిష్ రెండూ చచ్చి అడుగున పడున్నాయి. ఇంకా మార్చి నెలే. రోళ్లు పగిలే రోహిణి కార్తె ముందుంది.

లైటు, స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురగతో తీసేది), ఉప్పు కలిపే లెక్క ట్యాంకు పెట్టినవాళ్లకు తెలిసినవే, వాటి జోలికి పోను. మన కర్నూలు, అనంతపురం, కడప ఎండల్లో నేను చూసినంతలో ట్యాంకులను ముంచింది ఎక్కువగా ఒక్కటే పొరపాటు. ముడుచుకున్న ఎనిమోన్‌కు మేత పెట్టడం.

ముడుచుకుంటే మేత వద్దు

ఎనిమోన్‌కు తినేదీ విసర్జించేదీ ఒకే దారి. లోపలి నీళ్లను, అరగ్గా మిగిలిన చెత్తను వదలడానికి అప్పుడప్పుడూ ముడుచుకుంటుంది, కొన్ని గంటల్లో మళ్లీ విచ్చుకుంటుంది. అది మామూలే. నీళ్లు వేడెక్కినా, ఉప్పు ఎక్కువైనా కూడా ముడుచుకుంటుంది. కారణం ఏదైనా సరే, అది ఆకలి కాదు. దాని తిండిలో పెద్ద భాగాన్ని ఒంట్లో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలే (కంటికి కనబడని నాచు) వెలుతురుతో తయారుచేసి పెడతాయి. లైటు సరిగ్గా ఉంటే వారాల తరబడి మేత లేకున్నా దానికేం కాదు.

వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, తిన్నది అరగాలంటే ఆక్సిజన్ కావాలి. అరగని రొయ్య కడుపులోనే కుళ్లుతుంది. కక్కేస్తే రాళ్ల సందులో కుళ్లుతుంది. ఎలాగైనా అమ్మోనియా పుడుతుంది, నీళ్లు వేడెక్కేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. చలికాలంలో ఏమీ చేయని ముక్క మే నెలలో ట్యాంకునంతా తీసుకుపోయేది అందుకే.

పెట్టదలిస్తే పూర్తిగా విచ్చుకుని, నోరు మూసుకుని, టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటివి) జిగటగా అంటుకుంటున్నప్పుడే పెట్టండి. వారానికి ఒకసారి చాలు, నడి ఎండల్లో అదీ అక్కర్లేదు. చిటికెనవేలి గోరంత ముక్క, పచ్చి రొయ్యగానీ సముద్రపు చేపగానీ. వంటింట్లోంచి తెచ్చేవాళ్లు ఒకటి చూసుకోండి. మన ఇళ్లలో రొయ్యలు తేగానే ఉప్పూ పసుపూ రాసి కడిగేస్తారు. పసుపు తగలకముందే నాలుగు తీసి ఫ్రీజర్లో వేరుగా పెట్టుకోవాలి. ముక్కను టెంటకిల్స్‌కు తాకించి వదిలేయండి, తినాలనుకుంటే అదే లాక్కుంటుంది. కక్కితే వెంటనే తీసేయండి. మళ్లీ పెట్టొద్దు.

రంగు పోయి తెల్లబడ్డ ఎనిమోన్ సంగతి వేరు. దానికి ఆ శైవలాలు పోయాయి, కాబట్టి మేత అవసరమే. అయినా విచ్చుకున్నప్పుడే, సన్నగా తరిగి. ముడుచుకుంటే దానికీ వద్దు.

వేడి, నీళ్లు

నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటితే ప్రమాదం. అందరూ మధ్యాహ్నం థర్మామీటరు చూసి ఊరుకుంటారు. బండల మిద్దె ఇళ్లలో పగలంతా కాగిన కప్పు చీకటి పడ్డాక గదిలోకి వేడి వదులుతుంది, కాబట్టి రాత్రి తొమ్మిది, పదికీ చూడండి. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఉక్కపోసే కోస్తాలో ఈ సుఖం లేదు. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) ఉన్నవాళ్లు కరెంటు పోతే ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించుకోండి, మామూలు ఇంటి ఇన్వర్టర్ దాన్ని ఎక్కువసేపు మోయలేదు. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు. మూత బిగించిన సీసాలో నీళ్లు గడ్డకట్టించి ఆ సీసాను ట్యాంకులో తేలనివ్వండి.

ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్లు రోజూ పోయాలి. నాలుగు రోజులకోసారి బిందెడు కుమ్మరించడం కాదు. ట్యాంకు ఉప్పు నీళ్ల సాంద్రత 1.025 దగ్గర నిలబడాలి. బోరు నీళ్లు వద్దే వద్దు. క్యాన్ నీళ్లయితే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) పెట్టి చూడండి, సున్నాకు దగ్గర లేకపోతే అవీ వద్దు.

మిగతావి

- కరెంటు పోతే ముందు నడవాల్సింది వేవ్ మేకర్ (నీళ్లను కదిలించే పంపు), లేదంటే బ్యాటరీ ఎయిర్ పంపు. లైట్లు కాదు.
- వేవ్ మేకర్‌కు స్పాంజో జాలీనో తొడగండి. అది ఆగినప్పుడు ఎనిమోన్ పాకి దాని మీదికి ఎక్కుతుంది, కరెంటు వచ్చిన క్షణంలో ముక్కలవుతుంది.
- రాత్రిపూట మేత వద్దు.
- రాయి నుంచి పట్టి పీకొద్దు. పాదం చిరిగితే బతకడం కష్టం.
- ఆ గదిలో దోమల మందు స్ప్రే కొట్టొద్దు. ఎయిర్ పంపు ఆ గాలినే నీళ్లలోకి తోస్తుంది.
- చేపలకు జబ్బొస్తే రాగి కలిసిన మందు ఈ ట్యాంకులో వేయొద్దు.
- సెలవులకు ఊరికి పోతే పక్కింటివాళ్లకు నీళ్లు పోసే పని చెప్పండి. వాళ్లు పెట్టకుండా ఎనిమోన్ మేత ఫ్రీజర్లోంచి తీసేసి పోండి.
- కొత్త ఎనిమోన్ ఇప్పుడు కొనొద్దు. ట్యాంకు పెట్టి ఆరు నెలలు కాకపోతే వానలు పడ్డాక కూడా కొనొద్దు.
- ముడుచుకుంటే థర్మామీటరు, సెలైనిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో), అమ్మోనియా చూడండి. మూడూ బాగుంటే ఒక రోజు వదిలేయండి. మేత వద్దు.
- మర్నాడూ ముడుచుకునే ఉందా? అప్పుడూ వద్దు.
- నోరు తెరుచుకుని, పట్టు వదిలేసి, ముట్టుకుంటే పోగులుగా విడిపోతుంటే అది చచ్చింది. రేపు చూద్దాం అనొద్దు. గ్లవుజు వేసుకుని వెంటనే తీసేయండి, పావువంతు నీళ్లు మార్చండి, నీళ్లలోని మలినాలను పీల్చుకునే కార్బన్ వేయండి.
- అందుకు ఉప్పు కలిపిన నీళ్లు ఒక డ్రమ్ములో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అర్ధరాత్రి కలుపుకునేంత టైము ఉండదు.