యానాం పులస హైదరాబాద్ చేరేసరికి ఎందుకు పాడవుతుంది?

వరద నీటికి ఎదురీదిన పులసను అంత ధర పెట్టి కొని, రాత్రి బస్సులో పాడుచేసుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. చేప మంచిదే, ప్యాకింగులోనే లోపం ఉంటుంది.

పొట్ట పగిలింది, కుళ్లు వాసన

కారణం: పేగులు తీయకుండా పెట్టడం. చేప చచ్చాక పేగుల్లోని ఎంజైములు, బ్యాక్టీరియా పొట్ట గోడను లోపలి నుంచే తినేస్తాయి. పైగా పులసలో నూనె ఎక్కువ, త్వరగా కనరు పట్టేస్తుంది.

పరిష్కారం: కొన్న చోటే మొప్పలు, పేగులు తీయించి, వెన్నుముల్లు వెంట ఉన్న నెత్తురు కడిగించండి. జన (చేప గుడ్లు) విడిగా కవర్లో పెట్టండి. ముక్కలు మాత్రం అక్కడ కొట్టించొద్దు, చేప నిండుగా ఉంటేనే నిలుస్తుంది.

కండ మెత్తబడి పాలిపోయింది

కారణం: ఐసు కరిగిన నీళ్లలో రాత్రంతా నానడం. చాలామంది ఐసు తక్కువైందనుకుంటారు కానీ, అసలు చేటు ఆ నీళ్లదే.

పరిష్కారం: కిలో చేపకు కిలో ఐసు, గడ్డగా కాదు, పొడిగా. పొట్టలోనూ కూరండి. థర్మాకోల్ పెట్టె అడుగున చిన్న జాలీ పెడితే నీళ్లు కిందకు దిగుతాయి, చేప పైన ఉంటుంది. మూతకు టేపు వేసి, పెట్టెను మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టండి. కారితే బస్సువాళ్లు దింపేస్తారు.

తిన్నాక ముఖం ఎర్రబడి దురద, తలనొప్పి

కారణం: హిస్టమిన్ అనే, అలర్జీలాంటి బాధ తెచ్చే పదార్థం. పులస, కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు వెచ్చబడితే ఇది పుడుతుంది. వాసన తెలియకపోవచ్చు, పులుసు ఎంత మరిగించినా పోదు.

పరిష్కారం: పట్టిన దగ్గర్నుంచి 4 డిగ్రీలు దాటనివ్వకూడదు. పెట్టె తెరిచేసరికి ఐసు మిగల్లేదా, చేప వెచ్చగా తగిలిందా, ధర చూడకుండా పారేయండి. తిన్నాక ఊపిరాడకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తనిఖీలో పెట్టె తెరిపించారు, కేసు అన్నారు

కారణం చేప కాదు. చుట్టాలెవరో అదే పెట్టెలో అడవిపంది మాంసమో, చిత్తడి నేలల్లో పట్టిన పిట్టలో సర్దుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటాడిన జంతువు మాంసం ప్రభుత్వ ఆస్తి. వేటాడకపోయినా మోసుకెళ్లడం నేరమే. మూడేళ్ల వరకు జైలు, కొన్ని జంతువులకైతే ఏడేళ్లు. వాహనం కూడా పోతుంది.

దీనికి ప్యాకింగు చిట్కా ఏదీ లేదు. మొహమాటపడకుండా వద్దనండి. ఫారంలో పెంచిన కౌజు పిట్టలైతే ఫారం బిల్లు వెంట ఉంచుకోండి.