క్యాచర్‌ని ఎంచేముందు గ్లవ్ చూడండి
పర్లాకిమిడి, గుణుపురం వైపు స్కూలు పిల్లలతో బేస్‌బాల్ ఆడించే మాస్టార్లకు ఒక చిట్కా. క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాడు) అనగానే అందరూ విసురు చూస్తారు. నన్నడిగితే ముందు గ్లవ్ చూడాలి. హోమ్ ప్లేటు (బ్యాటర్ నిలబడే చోటి పలక) వెనక, నెట్ అవతల కూర్చుని ఫోన్‌లో స్లో మోషన్ పెట్టండి. మోకాళ్ల ఎత్తులో వచ్చే బంతుల దగ్గరే అసలు సంగతి తేలుతుంది. పనివాడి గ్లవ్ బంతికన్నా ముందే కిందికి దిగి, పైకి వస్తూ అందుకుంటుంది, అక్కడే నిలుస్తుంది. పట్టాక బంతిని స్ట్రైక్ జోన్‌లోకి (బంతి స్ట్రైక్‌గా లెక్కకొచ్చే, ప్లేటు మీది చోటు) లాక్కొచ్చేవాణ్ని మన ఊరి అంపైరైనా ఇట్టే పసిగడతాడు.

ఇద్దరిని పోల్చాలంటే పిచర్ (బంతి వేసేవాడు) ఒక్కడే ఉండాలి, లేకపోతే ఆ లెక్కకు అర్థం లేదు. నేలకు తగిలి లేచే బంతులు కూడా కొన్ని వేయించండి. గ్లవ్‌తో ఏరుకునేవాడికన్నా మోకాళ్ల మీద పడి ఛాతీతో ఆపేవాడే నయం.

విసురుకి స్టాప్‌వాచ్ చాలు: గ్లవ్‌లో బంతి చప్పుడైనప్పటి నుంచి సెకండ్ బేస్ దగ్గర ఫీల్డర్ అందుకునేదాకా. మేజర్ లీగ్‌లో అది సుమారు 2 సెకన్లు. పిల్లలకి మాత్రం ఆ కొలత పెట్టకండి బాబూ!