బదనిక కందిరీగలను ఫోటోలో గుర్తించబోయే ముందు జాగ్రత్తలు

వరంగల్ చుట్టుపక్కల పత్తి చేలల్లో, వరి మడుల్లో తిరిగే బదనిక కందిరీగల్లో (వేరే పురుగుల గుడ్లలో, ఒంట్లో పెరిగి వాటిని చంపేవి) చాలావాటికి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పొడవుండదు. వాటిలో ఒకటైన ట్రైకోగ్రామా అయితే దాదాపు అర మిల్లీమీటరే. మాక్రో లెన్స్ లేని ఫోన్‌లో అది చుక్కలా పడుతుంది, అంతే.

– పురుగు పక్కన గ్రాఫ్ కాగితం ముక్క ఉంచండి. సైజు తెలియకుండా పేరు పెట్టొద్దు.

– పైనుంచి, పక్కనుంచి, ముఖం, విప్పిన ముందు రెక్క: నాలుగు ఫోటోలూ కావాలి. అన్నిట్లో రెక్కదే పెద్ద సాక్ష్యం. రెక్క మధ్య నుంచి వెనక అంచు వైపు దిగే రెండో అడ్డ ఈనె ఇక్న్యుమోనిడ్ కుటుంబపు కందిరీగల్లో దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది, బ్రాకోనిడ్ కుటుంబంలో దాదాపు ఉండదు. ఫ్లాష్ మెరుపులో ఆ ఈనె మాయమవుతుంది. అందుకే ఫ్లాష్‌కు పల్చటి టిష్యూ కాగితం అడ్డం పెట్టండి.

– వరి ఆకు కొసన గోధుమరంగు నూగు కప్పిన కాండంతొలుచు పురుగు గుడ్ల కుప్ప దొరికితే ఆకుతో సహా సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టండి. గుడ్ల నుంచి బయటికొచ్చిన కందిరీగల పాదాల కణుపులు లెక్కపెట్టండి: ట్రైకోగ్రామాకు మూడు, టెట్రాస్టికస్‌కు నాలుగు, టెలినోమస్‌కు ఐదు. ఇది సూక్ష్మదర్శినిలోనే తేలుతుంది కాబట్టి కొన్నింటిని 70 శాతం ఆల్కహాల్‌లో దాచండి.

– గొంగళిపురుగు మీద బదనిక కందిరీగ పిల్లలు కట్టే తెల్ల గూళ్ల నుంచి వచ్చిందల్లా ఆ గూడు కట్టినదే అనుకోవద్దు. బదనిక మీద బతికే బదనికలూ ఉన్నాయి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

– పంట, ఊరు, తేదీ, ఏ పురుగు నుంచి వచ్చిందీ అప్పుడే చీటీ మీద పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరుగుతుంది.