ఆధారాలతో పేరా రాయడం విద్యార్థులకు ఎలా నేర్పాలి?

పరిశోధన పేరా రాసుకురమ్మంటే చాలామంది విద్యార్థులు ఒకే పని చేస్తారు. నెట్‌లో ఒక పేజీ తెరిచి, నాలుగు వాక్యాలు తీసుకుని, వాక్యానికి రెండు మాటలు మార్చి, కింద లింకు పెట్టేస్తారు. వాళ్లను తిట్టి లాభం లేదు. "సొంత మాటల్లో రాయండి" అని బోర్డు మీద రాసి వదిలేస్తాం గానీ, ఆ సొంత మాటలు ఎలా వస్తాయో మనం చేసి చూపించం. చాలా ఏళ్లుగా ఈ పేరాలు దిద్దుతున్నాను. పాడయ్యేవన్నీ దాదాపు ఒకే మెట్టు దగ్గర పాడవుతాయి. మిగతావి తొందరగా చెప్పేసి ఆ మెట్టు దగ్గర ఆగుతాను.

ముందుగా కావలసినవి: రెండు చిన్న ఆధారాలు, ఒక్కోటి పేజీకి మించకుండా. కాగితాలు, పెన్సిల్, రెండు రంగుల పెన్నులు, మూడు పీరియడ్ల సమయం. కంప్యూటర్ వద్దు. కాపీ చేసి అతికించే వీలు లేని చోటే ఈ పని నేర్పాలి. మొదటిసారి ఆధారాలు మీరే వెతికి ఇవ్వండి. వెతకడం, రాయడం ఒకేసారి నేర్పబోతే రెండూ రావు.

తర్వాత ప్రశ్న. "తేనెటీగలు" అంటే అది అంశం మాత్రమే. దాని మీద రాయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు. "పూలు ఎక్కడున్నాయో ఒక తేనెటీగ మిగతావాటికి ఎలా చెబుతుంది?" అంటే అది ప్రశ్న. జవాబు ఒక వాక్యంలో చెప్పొచ్చు, కానీ దాన్ని ఎదుటివాళ్లు నమ్మాలంటే ఆధారం చూపించాలి. అలాంటి ప్రశ్నే ఎంచుకోండి.

కాగితం పైభాగాన ఆధారం వివరాలు రాయించండి: రాసినవారి పేరు, శీర్షిక, సంవత్సరం, పేజీ. ఇది మొదటే జరగాలి. వికీపీడియా వాడొచ్చా అని తప్పకుండా అడుగుతారు. అక్కడ మొదలుపెట్టొచ్చు, అక్కడే ఆగకూడదు. పేజీ అడుగున ఇచ్చిన మూలాల దాకా వెళ్లి చదవాలి. ఏఐ చాట్‌బాట్‌లు ఒక్కోసారి అసలు లేని పుస్తకాలకూ వ్యాసాలకూ పేర్లు చెబుతాయి. తాము తెరిచి చదవనిది ఏదీ ఆధారం కాదని విద్యార్థులకు గట్టిగా చెప్పండి.

కాగితం బోర్లించాలి

అసలు కష్టం ఇక్కడుంది. మొదటి ఆధారంగా ఇలాంటి భాగం ఇచ్చామనుకుందాం:

"పూలున్న చోటు కనుక్కుని వచ్చిన తేనెటీగ, తుట్టె లోపలి చీకట్లో నిలువు గోడ మీద ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతూ నాట్యం చేస్తుంది. నడిమి గీత మీద నడిచేటప్పుడు పొట్టను అటూ ఇటూ ఊపుతుంది. ఆ గీత నిలువు నుంచి ఎంత కోణం వంగితే, పూలు సూర్యుడి దిక్కు నుంచి అంత కోణంలో ఉన్నట్టు. ఊపు ఎంత ఎక్కువసేపు సాగితే పూలు అంత దూరంలో ఉన్నట్టు."

దీన్ని ఎదురుగా పెట్టుకుని రాసిన విద్యార్థి పేరా ఇలా ఉంటుంది: "పూలున్న స్థలాన్ని కనుగొని వచ్చిన తేనెటీగ, తుట్టె లోపలి చీకటిలో నిలువు గోడపై ఎనిమిది ఆకారంలో తిరుగుతూ నృత్యం చేస్తుంది." చోటు స్థలమైంది, నాట్యం నృత్యమైంది. వాక్యం మాత్రం అదే. ఇది రాయడానికి ఆ నాట్యం ఏమిటో అర్థం కానక్కర్లేదు, నిఘంటువు ఉంటే చాలు. రెబెక్కా మూర్ హోవర్డ్ అనే రచనా బోధకురాలు 1990లలో ఇలాంటి రాతను ప్యాచ్‌రైటింగ్ అన్నారు. మనం అతుకుల బొంత అనుకోవచ్చు. దీన్ని దొంగతనంగా చూసి శిక్షించడం కన్నా, నేర్చుకునేవాళ్లు దాటాల్సిన దశగా చూడాలని ఆమె వాదించారు. నా అనుభవమూ అదే. దాన్ని దాటించే దారి ఒక్కటే ఉంది: రాసేటప్పుడు ఆధారం కళ్ల ముందు ఉండకూడదు.

రెండుసార్లు చదవనివ్వండి. రెండుసార్లూ చేతిలో పెన్సిల్ ఉండకూడదు. తర్వాత కాగితం బోర్లించమనండి. చిన్న పిల్లలైతే కాగితాలు మీరే తీసేసుకోండి, లేకపోతే తొంగిచూస్తారు. ఇప్పుడు పక్కనున్నవాళ్లకు చెప్పాలి, రాయకూడదు. విషయం ఏమీ తెలియని తమ్ముడికో చెల్లికో చెబుతున్నట్టు ఒక నిమిషంలో చెప్పాలి. వినేవాళ్ల పని "అంటే?" అని అడగడం. ఆ మాటకున్న బలం మీరు స్వయంగా చూడాలి. "కోణం వంగితే..." అని మొదలుపెట్టిన అమ్మాయి "అంటే?" అనగానే ఆగిపోతుంది. కాసేపు ఆలోచించి, చెయ్యి గాల్లోకి ఎత్తి, "పైకి నడిస్తే సూర్యుడి వైపు వెళ్లమని, కాస్త పక్కకి ఒరిగి నడిస్తే అంత పక్కకి వెళ్లమని" అంటుంది. ఆ వాక్యం ఆధారంలో ఎక్కడా లేదు. అది ఆమె సొంత వాక్యం. వెంటనే దాన్నే రాయించండి, కాగితం ఇంకా బోర్లించే ఉండాలి.

కొందరు ఏమీ రాయలేక కూర్చుంటారు. వాళ్లకు టెన్షన్, చూసే మీకూ టెన్షన్. జాలిపడి వాక్యం అందించకండి. రాయలేకపోతున్నారంటే అర్థం కాలేదని. మళ్లీ చదవమనండి, మళ్లీ బోర్లించమనండి. ఎన్నిసార్లు తెరిచినా ఫర్వాలేదు, తెరిచి ఉండగా మాత్రం ఒక్క అక్షరం కూడా రాయకూడదు.

రాశాక కాగితం తిప్పి పోల్చాలి. చాలామంది టీచర్లు ఈ భాగం వదిలేస్తారు. చూడకుండా రాస్తే మాటలు సొంతమవుతాయి, దాంతోపాటు విషయం జారిపోయే ప్రమాదమూ ఉంది. "నాట్యం ఎంత వేగంగా చేస్తే పూలు అంత దూరం" అని ఒకరు రాస్తారు. ఆధారంలో ఉన్నది వేగం కాదు, ఎంతసేపు అన్నది. "కొన్ని" అన్నది "అన్నీ" అవుతుంది, "కావచ్చు" అన్నది "అవుతుంది"గా మారుతుంది. ఒక రంగు పెన్నుతో విషయం తప్పిన చోట్లు గుర్తుపెట్టించండి. రెండో రంగుతో, వరుసగా మూడు మాటలు ఆధారంతో కలిసిన చోట్లు. అలాంటి చోట మాట మార్చడం కాదు, వాక్యాన్నే మళ్లీ చెప్పి రాయాలి. ఒక మినహాయింపు ఉంది: పేర్లు, అంకెలు, ఆ శాస్త్రంలో వాడే మాటలు మార్చకూడదు. కాపీ అంటారేమోనని సూర్యుణ్ని భానుడు చేయాల్సిన పనిలేదు.

పర్యాయపదాలతో వాక్యాన్ని తిరగరాసే అభ్యాసాలు కొన్ని వర్క్‌బుక్కుల్లో ఉంటాయి. వాటిని పక్కన పెట్టండి, అవి అతుకుల బొంత కుట్టడమే నేర్పుతాయి. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ మీద కూడా ఆధారపడకండి. అది మాటలు కలిశాయా అని చూస్తుంది గానీ, రాసినవాళ్లకు అర్థమైందో లేదో చూడదు. "రచయిత ప్రకారం..." అంటూ ఖాళీలు నింపించే నమూనాలతో పేరా చూడ్డానికి బాగానే వస్తుంది, కానీ నమూనా తీసేసిన రోజు విద్యార్థి మళ్లీ మొదటికొస్తాడు. కాగితం బోర్లించడం అలవాటైనవాళ్లు మాత్రం ఏ అంశమిచ్చినా రాయగలరు.

ఆధారంలోని వాక్యాన్ని యథాతథంగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం మొదటి పేరాలో అసలు వద్దు. అందులోని మాటల తీరే మనకు ముఖ్యమైతే తప్ప తర్వాత కూడా అవసరం రాదు.

పేరా కట్టడం

రెండో ఆధారాన్నీ ఇలాగే చదివించి రాయించండి. అది ఈ ప్రయోగం గురించి అనుకుందాం. డెన్మార్క్ శాస్త్రవేత్త ఆక్సెల్ మికెల్సన్, ఆయన సహచరులు తేనెటీగలా నాట్యం చేసే చిన్న యంత్రం తయారుచేసి, 1989లో ఫలితాలు ప్రకటించారు. అది ఎటు చూపితే నిజం తేనెటీగలు ఎక్కువగా అటే వెళ్లాయి. ఇలాంటి ఆధారం మొదటిదాన్ని బలపరుస్తుంది. ఒకే విషయం రెండుసార్లు చెప్పే ఆధారాలు తీసుకోకండి.

పేరాలో మొదటి వాక్యం ప్రశ్నకు జవాబు: తేనెటీగ తన ఒంటి కదలికతోనే దారి చెబుతుంది. "అనాదిగా మానవుడు ప్రకృతిని గమనిస్తున్నాడు" లాంటి మొదలు కొట్టేయండి. తర్వాత మొదటి ఆధారం నుంచి రెండు మూడు వాక్యాలు, ఆపైన రెండో ఆధారం నుంచి రెండు. విషయం ఎక్కడ వస్తే అక్కడే రచయిత పేరు రావాలి, పేరా చివర అన్నీ కుప్పగా పోయకూడదు. ఆధారం పేర్కొనడానికి స్థిరపడ్డ పద్ధతులున్నాయి. ఏపీఏ (APA) అనే పద్ధతిలో పేరు, సంవత్సరం ఇస్తారు. ఎంఎల్ఏ (MLA) అనే పద్ధతిలో పేరు, పేజీ నంబరు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

ఇక మిగిలింది విద్యార్థి సొంత వాక్యం. ఆధారాన్ని చెప్పి ఊరుకుంటే పేరా పూర్తి కాదు, దాన్నిబట్టి ఏం తేలిందో చెప్పాలి. "పూలెక్కడున్నాయో యంత్రానికి తెలియదు. అయినా తేనెటీగలు అది చూపిన వైపు వెళ్లాయంటే, దారి చెప్పింది నాట్యమే." ఈ వాక్యాలు ఏ ఆధారంలోంచీ రావు. అవి రావాలంటే ప్రతి ఆధారం తర్వాతా "అయితే ఏమిటి?" అని అడగండి.

నిజమే గానీ అక్కర్లేని విషయాలు ఇంకా ఉంటాయి. ఈ నాట్యం అర్థం విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. విద్యార్థులు దాన్ని వదులుకోలేరు, పేరాలో ఎలాగైనా దూరుస్తారు. మన ప్రశ్న తేనెటీగ ఎలా చెబుతుందన్నది గానీ, దాన్ని కనుక్కున్నవారికి ఏం దక్కిందన్నది కాదు. తీసేయించండి.

దిద్దడానికి తీసుకునేటప్పుడు సాఫీ చేసిన పేరా ఒక్కటే తీసుకోకండి. రెండు రంగుల గుర్తులున్న మొదటి కాగితం కూడా జతచేయమనండి, సగం మార్కులు దానికే వేయండి.